చేతికివ్వని ఉప్పు

ఉప్పురాయి మొదటిసారి మాట్లాడిన రోజున ప్రయోగశాలలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలన్న తెలివి అక్కడ ఎవరికీ మిగల్లేదు.

డాక్టర్ బమ్మిడి నూకరత్నం శనగగింజంత ఉప్పురాయిని పెదవుల దగ్గర పెట్టుకుని, "ఇవాళ మా అప్ప చింతచిగురేసి రొయ్యలు వండుకొచ్చింది" అని దానితో చెప్పి, నాపరాతి బల్ల మీద పెట్టింది. బల్లకి అవతల కూర్చున్న ఇంజనీరు తౌఫీక్ దాన్ని తీసుకుని తన దగ్గరున్న ఇంకో ఉప్పురాయికి ఒక క్షణం ఆనించాడు. రత్నం రాయిని తిరిగి బల్ల మీద పెట్టేసి, తన రాయిని చెవి వెనక ఎముకకి అదుముకున్నాడు. మనిషి అలాగే ఉండిపోయాడు. కావలి నుంచి వచ్చినవాడు, సర్క్యూట్లు తప్ప దేన్నీ నమ్మనివాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"రొయ్యలు" అన్నాడు చివరికి. "చింతచిగురేసి. మీ గొంతే, రత్నంగారూ. వైరు లేదు, టవరు లేదు, ఏమీ లేదు."

గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ గౌరమ్మకి ఈ గొడవేమీ అర్థం కాలేదు. "ఒడ్డించీమంతారేటి మరి? సల్లారిపోతన్నాయి" అంది.

గౌరమ్మ రత్నానికి అక్క. ఆ తీరంలో అక్కని అప్ప అంటారు. అక్కచెల్లెళ్ళిద్దరూ పెదరేవులో ఉప్పు మళ్ళ గట్ల మీద పెరిగినవాళ్ళే. రత్నం చదువుకుని ఎక్కడెక్కడో తిరిగి, మళ్ళీ ఊరికే వచ్చి, పాడుబడిన ఉప్పు బంగళాని ప్రయోగశాల చేసుకుంది. గౌరమ్మని ఏటికి అవతలున్న చినరేవులో ఇచ్చారు. వారానికోసారి నాటు పడవలో ఏరు దాటి, ఏదో ఒకటి వండుకుని చెల్లెలి దగ్గరకి వచ్చేది. వచ్చిందంటే గాలికి కూడా సందు ఇవ్వకుండా మాట్లాడేది.

నిజానికి ఈ ఆలోచన పుట్టింది ఆమె కబుర్ల వల్లే. కొన్నేళ్ళ కిందట ఆ తీరంలోని ఊళ్ళన్నీ ఒక కంపెనీ ఫోన్లలో నడిపే చర్చావేదికలో కూటాలు పెట్టుకున్నాయి. ఉప్పు కూటం, వలల కూటం, గాలివానల కూటం, వంటల కూటం. వంటల కూటానికి గౌరమ్మే పెద్ద దిక్కు. ఒకరోజు ఆ కంపెనీ ఎక్కడో ఉన్న తన యంత్రాలు ఆపేసింది. ఏళ్ళ తరబడి చెప్పుకున్న మాటలన్నీ వాటితోపాటే పోయాయి. గౌరమ్మ ఫోను పట్టుకుని చెల్లెలి దగ్గరకి వచ్చి, "మన మాటలన్నీ ఆల్ల ఇంట్లో దాసుకున్నామేటే రత్తాలూ? ఆల్లు తలుపేసుకుంతే మనం మూగోల్లమేనా?" అని అడిగింది.

ఆ ప్రశ్న రత్నాన్ని పట్టుకుని వదల్లేదు. ఎవరి ఇంట్లోనూ ఉండని మాట, ఎవరూ తాళం వేయలేని కూటం ఎలా ఉంటుంది? నడిబొడ్డు అంటూ లేని అల్లిక కావాలి. ఎక్కడ తెగినా మిగతాది బతికే ఉండాలి. పగడపు నాచు నుంచి తీసిన ఒక పదార్థాన్ని ఉప్పునీటిలో కలిపి ఎండబెడితే, ఏర్పడే ఉప్పురాయి పొరపొరకీ మధ్య శబ్దాన్ని పట్టి ఉంచుతోందని ఆమె అప్పటికే కనిపెట్టింది. రెండు రాళ్ళు తాకితే ఒకదానికి తెలిసింది రెండోదానికి తెలుస్తుంది. ఏ కూటం కావాలో దాని పేరు ఒక్కసారి రాయికి చెబితే చాలు, ఆ కూటం మాటల్నే ఏరుకుంటుంది. మనిషి నుంచి మనిషికి, ఊరి నుంచి ఊరికి మాట తన కాళ్ళ మీద తాను నడుస్తుంది. అన్ని మాటలూ ఉన్న రాయి అంటూ ఎక్కడా ఉండదు. అసలు మాట లేని రాయీ ఉండదు.

ప్రయోగాలు జరిగినన్నాళ్ళూ ఆ బంగళా సందడిగా ఉండేది. పెదరేవు, చినరేవు జనం వచ్చి నాపరాతి బల్లకి అటూ ఇటూ కూర్చుని రాళ్ళు మార్చుకునేవారు. గట్టిగానే వాదించుకునేవారు కూడా. ఏ దేవత జాతర ముందు చేయాలో, చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలో తేల్చుకోవడానికి వారాలు పట్టేది. కానీ ఒక్క వాదన కూడా పగలోకి దిగలేదు. ఎవరి మాట వాళ్ళదే, ఎదుటివాడి మాట మాత్రం పూర్తిగా వినేవారు. చివర్లో ఎవరో ఒకరు నవ్వేసేవారు.

"ఇరవయ్యేళ్ళుగా నెట్‌వర్కులు చూస్తున్నాను. మనుషులు ఇంత మర్యాదగా పోట్లాడుకోవడం నేనెక్కడా చూళ్ళేదండీ" అన్నాడు తౌఫీక్.

"మాట మనిషి చేతుల్లోనే ఉంటే మనిషి మర్యాదగానే ఉంటాడు" అంది రత్నం గర్వంగా. ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే, పరిశోధన పత్రంలో కూడా కాస్త పెద్ద భాషలో రాసుకుంది. ఈ అల్లికకి శాంతి సహజ లక్షణం అని తేల్చింది. శాస్త్రవేత్తలు కూడా మనుషులే కదా, నచ్చిన మాట కనిపిస్తే రెండోసారి తరచి చూడరు.

ఒక్క చిక్కుంది. సముద్రపు గాలికి ఉప్పు చెమరుస్తుంది, వానకి కరిగిపోతుంది. అందుకని తౌఫీక్ ప్రతి రాయినీ నున్నటి పారదర్శకపు బిళ్ళలో పెట్టి మూసేశాడు. లోపలి శబ్దాన్ని బయటికి పంపే సన్నటి పొర ఒకటి దానికి అమర్చాడు. దారం కట్టి మెళ్ళో వేసుకోవచ్చు. ఇద్దరు మనుషులు కలిసినప్పుడు బిళ్ళల్ని అరచేతుల మధ్య పెట్టి చేతులు కలిపితే చాలు, మాటలు అటూ ఇటూ మారిపోతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. అందులో ఉన్నది ఉప్పని ఎవరికీ తట్టేది కాదు, గాజుపూస అనుకునేవారు.

రత్నం మాత్రం మొట్టమొదటి రోజు రాయినే బిళ్ళలో పెట్టుకుని మెళ్ళో వేసుకుంది. చింతచిగురు రొయ్యల గురించి తను చెప్పిన మాటా, ఆ సాయంత్రం గౌరమ్మ దాన్ని లాక్కుని, చెల్లెలికి వంట రాదని ఉప్పురాయికి చేసిన సుదీర్ఘమైన ఫిర్యాదూ అందులో ఉన్నాయి.

బిళ్ళలు ఊరు దాటాయి. పెదరేవు సంతకి వచ్చిన వాళ్ళు తమ ఊళ్ళకి పట్టుకెళ్ళారు. చేపల లారీలు పట్టుకెళ్ళాయి, పెళ్ళిళ్ళు పట్టుకెళ్ళాయి. ఒకనాటి ఉదయం రత్నం భీమిలి వెళ్ళి, రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనతో చేతులు కలిపి, బిళ్ళని చెవి వెనక పెట్టుకుంది. ఇచ్ఛాపురం దగ్గర ఒకామె తన బిడ్డకి ఒళ్ళంతా పేలిందని అడుగుతోంది. కాకినాడ నుంచి ఎవరో నర్సు జవాబు చెబుతోంది. ఆ జవాబుని చింతపల్లి రేవు పడవలవాళ్ళు మోసుకొస్తూ, తమ మాట కూడా కలిపి, భయపడకమ్మా అని చెప్పారు. ఎక్కడా ఒక ఆఫీసు లేదు, మీట నొక్కేవాడు లేడు. సముద్రం పొడవునా మనుషులు ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి ఆ తల్లి గొంతుని జాగ్రత్తగా దాటించారు. రత్నం ఆ ఇసుకలోనే కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తన చేతుల మీదుగా ఇంత పెద్దది జరిగిందని ఆమెకి భయం కూడా వేసింది.

అంత భయం ఊరికే వేయదు.

వానలు వెనక్కి తగ్గి, ఉప్పు మళ్ళకి నీళ్ళు పెట్టే రోజులు వచ్చాయి. పెదరేవుకీ చినరేవుకీ కలిపి ఏటి మీద ఒకటే తూము. దానికి రెండు తలుపులు. ముందు ఎవరి వైపు తలుపు తీస్తే వాళ్ళ మళ్ళకి చిక్కటి ఉప్పునీరు అందుతుంది. ఎప్పుడూ మాట్లాడుకునే తీసుకునేవారు. ఆ ఏడు గౌరమ్మ తూము గురించి ఉప్పు కూటంలో ఒక మాట చెప్పింది. చాలా మామూలు మాట.

నాలుగు రోజులు తిరక్కుండానే సంతలో చినరేవు ఆడవాళ్ళ బుట్టలు తన్నేశారు. పెదరేవు పడవ తాడు ఎవరో కోసేశారు. బిళ్ళ చెవి దగ్గర పెట్టుకుంటే తిట్లు తప్ప ఏమీ వినపడేది కాదు. అందులో సగం గౌరమ్మ పేరు మీదే. ఆమె పుట్టిన ఊరివాళ్ళే, ఆమె చేతి పులుసు తిన్నవాళ్ళే, పుట్టింటికి తూము మూసే ఆడదని అన్నారు. ఊరూ పేరూ తెలియని దూరపు కూటాలవాళ్ళు కూడా ఆ మాటని అందుకుని, దానికి తోకలు తగిలించి పంపారు.

గౌరమ్మ బిళ్ళ తీసి దూలానికి తగిలించేసింది. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. మొగుడితో లేదు, ఇరుగుపొరుగుతో లేదు. డాక్టర్లు గొంతులో దోషమేమీ లేదన్నారు. మాట్లాడ్డం మానేసింది, అంతే. వారానికోసారి వచ్చే పడవ రావడం మానేసింది. రత్నం తన బిళ్ళలో ఆ పాత ఫిర్యాదుని వింటూ కూర్చునేది. అక్క గొంతు ఆమెకిక అక్కడే మిగిలింది.

"ఆపేద్దామండీ" అన్నాడు తౌఫీక్ ఒకరోజు తల దించుకుని. "ఆపడానికి మీట లేదు, పెట్టుకోలేదు మనం. కానీ ఒక దారుంది. ఒక శబ్దాన్ని తయారుచేశాను. ఒక్క రాయికి వినిపిస్తే దాని పొరలన్నీ చెదిరిపోతాయి. అది ఇంకో రాయిని తాకితే అదీ చెదిరిపోతుంది. నెల తిరిగేసరికి తీరం అంతటా ఒక్క మాట మిగలదు."

"ఒళ్ళు పేలిన ఆ బిడ్డ మాటా?"

"అన్నీనండీ."

"తాళం ఎవరి దగ్గరా ఉండకూడదనుకున్నాం తౌఫీక్. చివరికి నిప్పుపెట్టె మన దగ్గరే ఉంచుకున్నామన్నమాట."

పాపం, అతనికి మాత్రం ఇష్టమా? రత్నం ఒక్క రోజు గడువడిగి, పడవ కట్టించుకుని చినరేవు వెళ్ళింది. అక్క నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలనుకుంది. తిట్టినా చాలు. రాకపోతే ఆ శబ్దాన్ని తనే వదలాలని, తన మెళ్ళో రాయితోనే మొదలుపెట్టాలని మనసు రాయి చేసుకుంది.

గౌరమ్మ చెల్లెల్ని చూసి లేచి, కాళ్ళకి నీళ్ళిచ్చి, పీట వేసి, కంచం పెట్టింది. అన్నం, మాగాయ, ఎండురొయ్యలేసి వండిన బీరకాయ కూర. బావ పొయ్యి పక్కన కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అప్పా, కూర బాగుంది" అంది రత్నం.

గౌరమ్మ ఇంకో గరిటెడు కూర వడ్డించింది.

"నా మీద కోపమేనా? నేనే చేశాను ఇదంతా. తిట్టవే అప్పా, నాలుగు తిట్టు."

గౌరమ్మ గోడకేసి చూసింది. ఆ కళ్ళలో కోపం ఉంది, అవమానం ఉంది, చెల్లెలి మీద జాలి కూడా ఉంది. ఏదో ఒకటి అడిగితే మాట్లాడుతుందేమోనన్న ఆశతో రత్నం "కాస్త ఉప్పియ్యి అప్పా" అని చెయ్యి చాచింది.

గౌరమ్మ ఉప్పుజాడీ దగ్గరకి వెళ్ళింది. చిటికెడు ఉప్పు తీసింది. చెల్లెలి చాచిన చేతిలో వేయలేదు. చిన్న మూకుట్లో వేసి, మూకుడుని కంచం పక్కన నేల మీద పెట్టి, తన చెయ్యి వెనక్కి తీసుకుంది. చెయ్యి పూర్తిగా వెనక్కి వెళ్ళాకే రత్నం చెయ్యి ముందుకి వెళ్ళింది.

ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయి. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరి చేతికీ ఉప్పు ఇవ్వలేదు. ఇంత కోపంలో, ఇంత మౌనంలో కూడా అక్క ఆ చిన్న జాగ్రత్త మానలేదు. నీతో నాకు గొడవ వద్దే అని ఆ చెయ్యి చెప్పింది. రత్నం కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ఇంకో సంగతి పిడుగులా తట్టి, మూకుడు పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బంగళాలో ప్రయోగాలు చేసిందెవరు? పెదరేవు వాళ్ళు, చినరేవు వాళ్ళు, తను. ఒక్కరైనా రాయిని ఎదుటివాడి చేతికి ఇచ్చారా? అందరూ నాపరాతి బల్ల మీద పెట్టారు. అవతలివాళ్ళు తీసుకున్నారు. తౌఫీక్ కూడా అలాగే చేశాడు, వాళ్ళమ్మ కూడా ఉప్పు చేతికివ్వదట. అలవాటు కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు, ఏ పత్రంలోనూ ఎక్కలేదు. బిళ్ళ వేశాక అది ఉప్పని మరిచిపోయి, తీరం తీరమంతా చేతిలో చెయ్యి పెట్టి ఇచ్చుకోవడం మొదలుపెట్టింది.

"అప్పా, నీ బిళ్ళ ఒకసారి ఇస్తావా?" అంది. గౌరమ్మ దూలం వైపు చూపించి మొహం తిప్పుకుంది.

ఎండ వాలకముందే బంగళాలో రత్నం, తౌఫీక్ బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. గౌరమ్మ బిళ్ళ మూత తెరిచారు. ఆమె తూము గురించి చెప్పిన మాట మొదట పుట్టిన రాయి అదే. ముందు దాన్ని అందరూ చేసినట్టే, అరచేతికి అరచేయి ఆనించి తౌఫీక్ రాయికి ఎక్కించారు. అతను విన్నాడు.

"'తూము మా వైపు ముందు తీయండి. వచ్చే ఏడు మీ వైపు.' ఇంతే ఉందండీ. కటువుగానే ఉంది."

"ఇప్పుడు బల్ల మీద పెడతాను. కొత్త రాయి తీసుకో."

నాపరాయి చల్లగా ఉంది. ఉప్పురాయి దాని మీద నాలుగు ఊపిర్ల సేపు పడి ఉంది. తౌఫీక్ దాన్ని తీసుకుని కొత్త రాయికి ఆనించి చెవి వెనక పెట్టుకున్నాడు. అతని మొహంలో రంగు మారింది. ఆ కొత్త రాయిని బల్ల మీద పెట్టాడు. రత్నం తీసుకుని వింది.

"ఈపాలి తూము మా వైపు ముందు తీయండి బాబూ. మా మల్లల్లో మేట ఏసీసింది, నీల్లు ఎక్కట్లేదు. సిన్నపిల్లలున్నోల్లు ఏడుస్తన్నారు. వొచ్చే ఏడు మీ వైపు ముందు తీద్దారి, నానే ఒచ్చి నా సేతుల్తో తలుపు ఎత్తుతాను. నాను పెదరేవు ఆడపిల్లనే కదా, మీకు అన్నాయం సేస్తానేటి?"

ఇద్దరూ చీకటి పడేదాకా కొలతలు తీశారు. కొత్తగా పలికిన మాట రాయి పైపొర మీద ఉంటుంది, లోపలి పొరలతో ఇంకా ముడిపడదు. అరచేతి వేడి తగిలితే, పైన బిగ్గరగా ఉన్న ముక్కలే ముందు ఎగిరి అవతలికి దూకుతాయి. నిదానంగా చెప్పినదీ, బతిమాలినదీ వెనకబడిపోతాయి. చేతులు మారేకొద్దీ మాటలో కారమే మిగులుతుంది. అదే రాయి చల్లటి నేల మీద కాసేపు ఉంటే పొరలు కుదుటపడి, మాట తన ముందువెనకలతో కలిసి ఒక్కటిగా దాటుతుంది. పెట్టడానికీ తీసుకోవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త ఎడంలోనే ఇన్నాళ్ళూ శాంతి ఉంది. వాళ్ళు కట్టిన అల్లికలో కాదు.

రత్నం అక్క మూకుట్లో పెట్టిన ఆ చిటికెడు ఉప్పుని తలుచుకుని చేతులు జోడించింది. తౌఫీక్ నవ్వలేదు.

"మరి అందరికీ ఎలా చెప్తామండీ? మనం చెప్పే మాట కూడా చేతుల్లోంచే వెళ్ళాలి. వెళ్ళేసరికి ముక్కలైపోతుంది."

"చెప్పక్కర్లేదు. మూత తీసేస్తే చాలు. అది ఉప్పని కనపడితే మిగతాది వాళ్ళ చేతులకే తెలుసు."

"మూత తీస్తే వానలకి కరిగిపోతాయి రత్నంగారూ! ఏటేటా సగం మాటలు పోతాయి. మనం ఇంత కష్టపడింది మాట పోకూడదనే కదా?"

"తెలుసు" అంది రత్నం. ఆమె చెయ్యి మెళ్ళో బిళ్ళ మీదకి వెళ్ళింది. "పోయినవాటిని కావాలనుకున్నవాళ్ళు మళ్ళీ చెప్పుకుంటారు. ఎవరూ మళ్ళీ చెప్పుకోని మాట ఉండి మాత్రం ఏం చేస్తుంది?"

చెప్పడం తేలికే. తెల్లవార్లూ ఆ బిళ్ళలో అక్క చేసిన ఫిర్యాదుని వింటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే తూము దగ్గర రెండు ఊళ్ళూ మూగి ఉన్నాయి. ఇటు గట్టు మీద పెదరేవు, అటు గట్టు మీద చినరేవు. చేతుల్లో పారలున్నాయి, గడలున్నాయి. అవి మట్టి తీయడానికి తెచ్చినవి కావని అందరికీ తెలుసు. రత్నం నడుచుకుంటూ వెళ్ళి, తూము మీది రాతి పలక దగ్గర నిలబడింది. పెదరేవు పెద్ద నరిసిమ్ములు కళ్ళెర్రజేశాడు.

"అమ్మా రత్నం, నువ్వు తప్పుకో. నీ అప్ప నాయం సెప్పడానికొచ్చినావేటి?"

"న్యాయం కాదు మామా. మా అప్ప మాట ఒకటి నా బిళ్ళలో ఉంది. నువ్వు పూర్తిగా వినలేదు. వినిపిస్తాను."

ఆ మాట ఆమె మెళ్ళో రాయికి పొద్దున్నే నాపరాతి మీద ఎక్కించుకుని వచ్చింది. నరిసిమ్ములు విసుగ్గా చెయ్యి చాచాడు. రత్నం మెళ్ళోంచి బిళ్ళ తీసింది. అతని చేతిలో పెట్టకుండా, వంగి, రాతి పలక మీద పెట్టి, గులకరాయితో ఒక్క దెబ్బ కొట్టింది. మూత పగిలింది. లోపలి రాయి కూడా ఒక మూల చిట్లింది. చెల్లెలికి వంట రాదన్న ఫిర్యాదు ఆ పొడిలో పోయిందో, మిగిలిందో ఆమె చూసుకోలేదు. బిళ్ళ ముక్కల్ని పక్కకి నెట్టి, తెల్లటి రాయిని రెండు వేళ్ళతో ఎత్తి అతని వైపు చాచింది.

చాచి ఉన్న నరిసిమ్ములు చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్ళిపోయింది.

"ఓలమ్మ! ఉప్పేటే ఇది?" అన్నాడు. అతని గొంతులో కోపం పోయి, కంగారు వచ్చింది. "ఉప్పు సేతికిస్తావేటి, సదువుకున్నదానివి? కిందెట్టు, కిందెట్టు!"

గట్టు మీద జనం ఒక్కసారిగా తమ మెడల వైపు చూసుకున్నారు. ఒక ముసలామె తన బిళ్ళని పంటితో కొరికి మూత ఊడదీసి, లోపలిది నాలిక చివర తగిలించి చూసి, "ఉప్పేనర్రా" అంది. ఇన్నాళ్ళూ ఏం చేశామో ఆ రెండు గట్ల మీదా ఒకేసారి అందరికీ అర్థమైంది. రాళ్ళతో, పారల వెనకవైపులతో మూతలు పగిలాయి. ఇటు నుంచి ఒక మనిషి వచ్చి తూము పలక మీద తన ఉప్పు పెట్టి వెనక్కి వెళ్ళాడు. అటు నుంచి ఒకామె వచ్చి తీసుకుంది. మళ్ళీ ఇంకొకరు. ఎవరి చెయ్యీ ఎవరి చేతినీ తాకలేదు. అంత జనం ఉన్నా ఏటి నీటి చప్పుడు వినపడింది. దేశదేశాల యంత్రాలు చేయలేని పనిని ఈ చేతులు ఎప్పట్నుంచో చేస్తున్నాయి, పేరు పెట్టకుండా.

నరిసిమ్ములు పలక మీంచి రాయి తీసుకుని, తన రాయికి ఆనించి, చెవి వెనక పెట్టుకుని పూర్తిగా విన్నాడు. విన్నాక కండువాతో మొహం తుడుచుకున్నాడు. వెళ్ళి, చినరేవు వైపు తూము తలుపు తనే ఎత్తాడు.

నీళ్ళు పారుతుండగా అటు గట్టు మీంచి గౌరమ్మ వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె కొంగు ముడి విప్పి, తెల్లటి ఉప్పురాయి ఒకటి తీసింది. నిన్న చెల్లెలు తీసుకెళ్ళిన బిళ్ళలోది కాదు. తౌఫీక్ పొద్దున్న మూత లేకుండా పంపిన కొత్తది. పెదవుల దగ్గర పెట్టుకుని ఏదో చెప్పింది. చప్పుడు ఎవరికీ వినపడలేదు, పెదవులు కదలడం మాత్రం కనపడింది. దాన్ని రాతి పలక మీద పెట్టి, చెయ్యి తీసేసి, రెండడుగులు వెనక్కి వేసింది.

రత్నం ముందుకెళ్ళి తీసుకోవాలి. కానీ భయం వేసింది. ఇది చివరి మాటేమో, నాతో ఇక పని లేదని చెప్పిందేమో. పలక మీద ఉప్పు కుదుటపడేంత సేపు ఆగింది. తర్వాత తీసుకుని చెవి వెనక అదుముకుంది. చెమట పట్టిన వేళ్ళకి రాయి అంచులు అప్పుడే తడిసి కరుగుతున్నాయి. ఆ మాట ఇంకోసారి వినడానికి ఉండకపోవచ్చునని తెలిసి, ఊపిరి బిగబట్టి వింది.

"నిన్న ఆ కూరలో ఉప్పు సరిపోయే ఉందే రత్తాలూ. నా సేత మాటాడించాలనే అడిగినావు. నాకు తెల్దేటి?"